గదిలో ఎంతమంది

“నీ గాలి లెక్క ఒక్కటే తేడా కొడుతోంది,” అన్నాడు స్వెట్టర్ అబ్బాయి, కెమిస్ట్రీ అమ్మాయి భుజం మీదుగా మీటర్‌లోకి తొంగిచూస్తూ. “మిగతా ఇద్దరికీ నాలుగే వచ్చింది.”

ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్క వేసింది. గంటలో గదిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని ఒక మనిషి వదిలే దాంతో భాగిస్తే మూడే వస్తోంది. నాలుగు ఛస్తే రావడం లేదు.

కాలేజీ సెల్లార్‌లోని ఆ గదికి కిటికీల్లేవు. గాలి చొరబడని ఇనుప తలుపు, దాని అవతల తిరిగే గేటు, అంతే. తలుపు పక్కనున్న మీటల మీద ఏ అంకె నొక్కితే అంతమందినే గేటు బయటికి వదులుతుంది. లోపల ఎంతమంది ఉన్నారో కళ్లతో కాకుండా మీటర్లతో తేల్చి నొక్కమని పంపింది మేడమ్. సివిల్ వాళ్లు నేల మీది బరువు చూడాలి, మెకానికల్ వాళ్లు ఒంటి వేడి, కెమిస్ట్రీ వాళ్లు ఊపిరి. ఏ ఒక్క సబ్జెక్టూ నిజం మొత్తం చెప్పలేదు, పక్కవాడి లెక్క చూశాకే నీ లెక్క అర్థమవుతుంది, ఈ కోర్సు అందుకే అంది.

కానీ పక్కవాళ్లు ఆమెకు కనిపించడమే లేదు. మాట్లాడుకుంటే ఊపిరి లెక్క చెడుతుందని ముగ్గురినీ మూడు అడ్డుచెక్కల వెనక కూర్చోబెట్టాడు స్వెట్టర్ అబ్బాయి. వీళ్లు వచ్చేసరికే మూలన స్టూల్ మీద కూర్చుని ఉన్నాడతను. ఫిజిక్స్ అట. తనకు మీటరేమీ లేదని, అందరి అంకెలూ పోగేయడమే తన పని అని చెప్పాడు. ఉక్కపోతకి అందరి వీపులూ తడిసి ముద్దవుతుంటే అతను మాత్రం మెడదాకా ఉన్ని స్వెట్టర్‌తో తాపీగా తిరుగుతున్నాడు.

“మీటర్ చెప్పిందే రాస్తాను,” అంది ఆమె. నిరుడు ల్యాబ్‌లో అంకె మార్చి దొరికిపోయి ఈ కోర్సు తప్పింది. ఈసారి కూడా తప్పితే కాలేజీ వదిలి ఇంటికి పోవడమే.

“సరే, మూడు నొక్కు. మరి నేనెలా రావాలి? నన్నిక్కడే వదిలేసి పోతావా?”

నవ్వుతూనే అడిగాడు. ఆమె మళ్లీ మీటర్ వైపు చూసింది. కళ్లెదుట మనిషి నిలబడి ఉంటే లేడని ఎలా రాస్తుంది? మీటర్‌కే ఏదో అయి ఉంటుంది. మూడు కొట్టేసి నాలుగు వేసింది. చీటీ మీద అందరి రోల్ నంబర్లూ రాస్తూ అతనిది అడిగితే, అరవై ఒకటన్నాడు.

“సెక్షన్‌కి అరవయ్యేగా?”

“నన్నింకా లిస్టులో ఎక్కించలేదు.”

ఆమె నాలుగు నొక్కింది. తలుపు తెరుచుకుంది. అందరికంటే ముందు గేటు దాటి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడతను.

పక్కగదిలోంచి వచ్చిన మేడమ్ గేటు మీది అంకె చూసి ఆగిపోయింది. ముగ్గురి చేతుల్లోంచీ మీటర్ల కాగితాలు లాక్కుని పక్కపక్కన పెట్టింది. బరువు ముగ్గురిది. వేడి ముగ్గురిది. ఊపిరి ముగ్గురిది.

“మూడుని నాలుగని ఎందుకు మార్చావు?” అని సివిల్ అతన్ని అడిగింది.

అతన్ని స్నేహితులంతా బండోడంటారు. “నా బరువుతో లెక్క ఎలాగూ అటూ ఇటూ అవుతుందిలే అనుకున్నా మేడమ్. పైగా మిగతా ఇద్దరికీ నాలుగొచ్చిందని ఆ స్వెట్టర్ అతను చెప్పాడు.”

మెకానికల్ అమ్మాయి అతని వైపు గిర్రున తిరిగింది. తనకూ అదే చెప్పాడంది.

కెమిస్ట్రీ అమ్మాయి తన చీటీ మీద కొట్టేసిన మూడు వైపు చూసింది. మేడమ్ గోడ పట్టుకుని నిలబడింది.

“నేను లోపలికి పంపింది ముగ్గురినే. ఆరేళ్లుగా ముగ్గురినే పంపుతున్నా,” అంది మెల్లగా. “అతను ఆ బ్యాచ్‌లన్నింటికీ కనిపించాడు. అందరినీ బతిమాలాడు. అయినా ప్రతి బ్యాచూ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని మూడే నొక్కింది. అతన్ని లెక్కలో వేసింది మీరే.”

పై అంతస్తులో ఫిజిక్స్ క్లాసు అటెండెన్స్ మెట్ల మీదుగా కిందికి వినిపిస్తోంది. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై. లెక్చరర్ గొంతు అక్కడ ఆగింది. రిజిస్టర్‌లో కొత్త వరుసేదో కనిపించినట్టు కాస్త తడబడి మళ్లీ మొదలైంది.

“అరవై ఒకటి?”

“ప్రెజెంట్ సార్.”