ఆఖరి గడి

బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి ఎండలో తిరగొద్దని సలహా రాసింది రాణి.

తప్పంతా ఆమెదే అనలేం. ఆన్‌లైన్‌లో చర్మానికి సలహాలిచ్చే ఆ కంపెనీ ఆమెకు పది రోజుల శిక్షణ, నలభై రెడీమేడ్ జవాబులు ఇచ్చింది. మొహం ఫొటో, వయసు, చర్మం జిడ్డుదా పొడిదా చూసి, దగ్గరగా ఉన్న జవాబు అతికించి పంపాలి. పైన మాత్రం "మీ ఒక్కరి కోసం ప్రత్యేకంగా" అని ఉంటుంది.

జనగామలో ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. సైటులో ఆమె ఫొటో, దాని కింద "సింగారపు రాణి, జనగామ" అని పేరు. ఇంటిపేరు ఉద్యోగానికి భలే కలిసొచ్చిందని తోటి ఉద్యోగిని ప్రియ ఆటపట్టించేది.

అంతమంది సలహాదారుల్లో కొత్తగా చేరిన రాణినే ఎంచుకున్నాడు భూపాలపల్లి నుంచి రాజమౌళి అనే ఆయన. యాభై ఏడేళ్లు. నుదుటి మీద, కుడి చెంప మీద నల్లనీలం చుక్కలు. దసరాలోపు అవి పోవాలట.

ఈ వయసులో ఈ సోకేమిటని రాణి నవ్వుకుంది. ఎండలో తిరగొద్దని, తప్పకపోతే టోపీ పెట్టుకోమని ఉన్న జవాబు పంపింది.

నెట్ సెంటర్ నుంచి తిరుగు జవాబు వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు.

"బిడ్డా, నేను బొగ్గుబాయిల దిగేటోన్ని. మొఖానికి ఎండ తగిలేదే తక్కువ."

రాణి రోజుకు రెండుసార్లు మొహం సబ్బుతో కడుక్కోమంది.

"బొగ్గు తోలు లోపటుంది బిడ్డా. సబ్బు అందది."

ఆ మాట ప్రియకు ఫోన్‌లో చదివి వినిపించి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఈసారి నీళ్లు బాగా తాగమని రాసింది. ఆ జవాబు ఎవరికైనా సరిపోతుంది.

ఫారంలో ఆఖరి గడి ఒకటుంది. మచ్చ ఎలా వచ్చిందో, ఎందుకు పోవాలో మనిషి తన మాటల్లో రాసుకోవచ్చు. నలభై జవాబుల్లో ఒక్కదానికీ ఆ గడితో పని లేదు. అందుకే రాణి దాన్ని ఏనాడూ తెరవలేదు.

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మె నడుమ దసరా వచ్చింది. బస్సులు లేవు. బొగ్గుబాయిలు బందు. బడిలో ఆయాగా చేసే రాణి తల్లి దుర్గమ్మ కూడా సమ్మెలోనే ఉంది. ఆ సాయంత్రం ఆమె జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లింది. ఇంట్లో రాణి ఒక్కతే.

గేటు చప్పుడైతే రాణి బయటికొచ్చింది.

"నీళ్లు బాగ తాగుమన్నవు గద బిడ్డా. జర మంచినీళ్లియ్యి. రెండు లారీలు మారి, ఇల్లు అడుక్కుంట వచ్చిన."

ఆ చుక్కల మొహం చూడగానే రాణి గుర్తుపట్టింది. సైటులో ఫొటో చూసి ఇంటిదాకా వచ్చేవాళ్ల గురించి శిక్షణలో చెప్పారు. లోపలికి పరుగెత్తి తలుపు గొళ్లెం పెట్టింది. ఏమున్నా ఆన్‌లైన్‌లోనే రాయమని కిటికీలోంచి చెప్పింది.

"రాసిన గదా," అన్నాడతను. "ఆఖరి గడిల రాసింది సదివినవా?"

చదవలేదంటే కంపెనీకి చెబుతాడేమో. దొరికిన ఒక్క ఉద్యోగం పోతుందేమో.

"చదివిన. అంత చదివినంకనే జవాబిచ్చిన."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మీ అమ్మకు సుత తెలుసా?"

మధ్యలో అమ్మ ఎందుకో రాణికి అర్థం కాలేదు. అతను పోతే చాలనుకుంది. తెలుసని చెప్పింది.

"గట్లనా. మంచిది బిడ్డా."

చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. వెళ్లి చూస్తే గేటు దిమ్మె మీద నాలుగు జమ్మి ఆకులున్నాయి. రాణి వాటిని చేత్తో కిందికి తోసేసింది. వెంటనే కంపెనీకి ఫిర్యాదు పంపింది.

తల్లి వచ్చాక, ఎవరో ముసలాయన నీళ్లడిగాడని, భయమేసి తలుపేసుకున్నానని మాత్రం చెప్పింది.

దుర్గమ్మ తెచ్చిన జమ్మి దేవుడి దగ్గర పెట్టి, అక్కడే చతికిలబడింది. ఆ ఇంట్లో బొగ్గుబాయి ఊసు ఎత్తేవారు కాదు. ఆ రోజు ఆమే ఎత్తింది.

"దూపైతందన్నోనికి నీళ్లియ్యకపోతివా బిడ్డా? మీ నాయిన బాయిల పానం ఇడిసేటప్పుడు నోట్ల సుక్క నీళ్లు పోసే దిక్కు లేకుండె. పదిహేడేండ్ల సంది నాకు గదే రంది."

తండ్రి పోయినప్పుడు రాణికి నాలుగేళ్లు. గోడ మీద యాకయ్య అని పేరు రాసున్న ఫొటో తప్ప ఆయన ఆమెకు గుర్తులేడు. అయినా తల్లి మాటకు తలెత్తలేకపోయింది. గ్లాసెడు నీళ్లు కిటికీలోంచైనా ఇవ్వాల్సింది.

మర్నాడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. జాగ్రత్తగా ఉన్నందుకు మెచ్చుకున్నారు. అతని ఖాతా మూసేశారు. ఫోన్ నంబరు, చిరునామా ఫారంలోంచి కూడా తీసేశారు. అతను నింపిన ఫారం నకలు ఆమె దగ్గర ఉంచుకోమని పంపారు.

ఏం రాశాడో ఇప్పుడైనా చూద్దామనుకుంది రాణి. మొదటిసారి ఆఖరి గడి చదివింది.

"బాయిల కప్పు కూలినప్పుడు బొగ్గు మొఖంల దిగవడ్డది. నా పక్కన యాకయ్య ఉండె. నేను నాలుగు నెలలు దవాఖాన్ల ఉండి లేచేటాలకు ఆయన ఇంటోళ్లు ఊరు ఇడిసిపోయిన్రు. ఆయన పోయి నేను బతికితి. మొఖం చెల్లక ఎవల్నీ దేవులాడలే. ఇప్పుడు గీ కంప్యూటర్ల నీ ఫొటో చూసిన. ఇంటిపేరు గదే, అచ్చం యాకయ్య మొఖమే. ఈ మచ్చలు చూస్తె మీ అమ్మకు మల్ల బాయి యాదికొస్తది, అందుకే పోవాలె. దసరాకు మీ ఇంటికొచ్చి, జమ్మి పెట్టి, ఆమెకు ఒక్క మాట చెప్పాలె. ఆఖరికి యాకయ్య నోట్ల నీళ్లు పోసింది నేనే."