మాణిక్యాలరావు ‘ఆయ్’

చనిపోయిన మాణిక్యాలరావు ఫోన్లో ఒక్క పాట కూడా లేదు. ఇరవై మూడు కచేరీల రికార్డింగులూ మాయమైపోయాయి.

“పొరపాటున పోలేదండీ. ఎవరో పనిగట్టుకుని చెరిపేసేరు,” అన్నాడు వేదిక వెనక గదిలో మైక్ సెట్టు బుజ్జిబాబు.

ఇంకో పావుగంటలో సంస్మరణ సభ. కొత్తపేట కల్యాణమండపంలో జనం కుర్చీలు వెతుక్కుంటున్నారు.

కాట్రేనికోన రొయ్యల చెరువుల మీద పనిచేసే మాణిక్యాలరావు, గాయకుడు రాజేంద్రప్రసాద్ కచేరీ ఎక్కడున్నా ముందు వరసలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకునేవాడు. అందరూ ‘భేష్’ అనేచోట అతను ‘ఆయ్!’ అనేవాడు. కిడ్నీలు పాడైన సంగతి మాత్రం భార్యకు కూడా చెప్పలేదు. రొయ్యల మేత బస్తాలకని చెప్పి అమలాపురం వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాడు. సూది మచ్చలు కనపడకుండా మండు వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేవాడు. పోయిన నెల అతను కన్నుమూశాకే చిట్టెమ్మకు ఆసుపత్రి కాగితాలు దొరికాయి.

“పాటలు పోతే పోయేయండి,” అంది చిట్టెమ్మ. “మధ్యమధ్యలో ఆయన ‘ఆయ్’ అంటారు కదండీ. ఆయన గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదండి.”

బుజ్జిబాబు ఫిడేలు ఆనందరావు వైపు తిరిగాడు. “పొద్దున్న ఫోను తెచ్చిచ్చింది తమరే కదండీ?”

“ఆయ్. ప్రసాదు ఇంటి నుంచి తెచ్చేను.”

“సభలో ఏ పాట వేయాలో ఎంచడానికి ప్రసాద్ గారు వారం రోజులు ఉంచుకున్నారు. తన పాటలు తనే చెరుపుకుంటారేటండీ? ఆయనంటే కుళ్లు ఎవరికో ఊరందరికీ తెలుసు.”

ఆనందరావు ఫిడేలు పెట్టె మూత వేశాడు.

“కుళ్లే. కాదన్నానా? ఇరవై ఏళ్లు వాడి పక్కన కూర్చుని వాయించేను. వాడికో మాణిక్యాలరావు ఉన్నాడు. నా ఫిడేలుకి మా ఆవిడ కూడా తలూపలేదు. ఆ ‘ఆయ్’ వినపడ్డప్పుడల్లా కడుపు భగ్గుమనేది. అయినా నేను చెరపలేదు.”

అక్కడే ఉన్న రాజేంద్రప్రసాద్ అతని భుజం తట్టాడు. “పోనీలే ఆనందరావూ. అయిందేదో అయింది. నేను క్షమించేసేను.”

“చెయ్యలేదంటుంటే నువ్వు క్షమించడమేవిట్రా?”

“అయితే పలివెల కొప్పులింగేశ్వరుడి మీద ఒట్టెయ్యండి,” అన్నాడు బుజ్జిబాబు.

ఆనందరావు తడుముకోలేదు. పలివెల ఉన్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. “స్వామి సాక్షిగా ఆ ఫోను నేను తెరవను కూడా తెరవలేదు. అబద్ధమైతే నా పది వేళ్లూ పడిపోవాలి.”

ఫిడేలు వాయించేవాడు వేళ్ల మీద ఒట్టేశాక ఇంకేం మాట్లాడతాం? బుజ్జిబాబు తల దించుకున్నాడు.

చిట్టెమ్మ కళ్లు తుడుచుకుని రాజేంద్రప్రసాద్ ముందుకొచ్చింది.

“బాబుగారూ, మీరూ ఓ మాట అనెయ్యండి. మీ గొంతు మీద ఒట్టేసేరంటే, ఇంక ఈ ఊసు ఇక్కడితో వదిలేద్దామండి.”

రాజేంద్రప్రసాద్ చెయ్యి గొంతు దాకా లేచింది. అక్కడే ఆగిపోయింది. బయట మైకులో ఎవరో అతని పేరు పిలుస్తున్నారు. చెయ్యి కిందికి జారింది.

“నేనే చెరిపేనమ్మా,” అన్నాడు. “వారం రోజులూ కూర్చుని అన్నీ విన్నాను. నేను పాడుతున్నంతసేపూ మీ ఆయన దగ్గర్నుంచి చప్పుడు లేదు. నేను ఆపుతాను, వీడు ఫిడేలు మీద అందుకుంటాడు, అప్పుడు ‘ఆయ్!’ పాపం చెరువుల మీద పనిచేసే మనిషి, నా పాట కాస్త ఆలస్యంగా అందుతోంది కాబోలని ఇన్నాళ్లూ మురిసిపోయేను. ఇరవై మూడు కచేరీలమ్మా! ఒక్క ‘ఆయ్’ కూడా నాది కాదు.”