సిసలైన సిసిలీ పులుసు

వీరభద్రం ఒక కాలు గుమ్మం బయట పెట్టాడో లేదో, వంటింట్లోంచి నాగమణి తుమ్మింది. ఒకే ఒక్క తుమ్ము. అతను కాలు వెనక్కి తీసుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు.

"సిసిలీ వాళ్ళు తుమ్ముకి ఆగుతారా?" అంది నాగమణి గ్లాసు అందిస్తూ.

"ఎవరూ చూడనప్పుడు ఆగుతారు. అసలు ఇవాళ తాలింపు పెట్టొద్దన్నానా? ఆయన వచ్చేసరికి ఈ ఘాటు పోవాలి."

నీళ్ళు తాగి, బయటికెళ్ళి బోర్డు సరిచేసి వచ్చాడు. దేశంకాని దేశంలో, టౌరంగా అనే ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఉంది వాళ్ళ హోటలు. ఆ వీధిలో అప్పటికే నాలుగు ఇండియన్ రెస్టారెంట్లున్నాయి. అందుకని కాకినాడ వీరభద్రం సిసిలీ విరో అయ్యాడు. నాగమణి మోనికా అయింది. చేపల పులుసు సిసిలీ ఫిష్ స్ట్యూ అయింది. పునుగులు గ్రీకు డంప్లింగ్స్ అయ్యాయి. కొబ్బరి చట్నీని మాత్రం ఏ దేశానికీ అంటగట్టలేక 'ఇంటి సాస్' అని వదిలేశారు. ఇన్ని వంటలుండగా మధ్యధరా వంటే ఎందుకండీ అని నాగమణి అడిగితే, "చవకా కాదు, ఖరీదూ కాదు, ధర మధ్యస్థంగా పెట్టుకోవచ్చు" అన్నాడు.

వేసవంతా బాగానే నడిచింది. అక్కడ జులై అంటే చలికాలం. చలిగాలి మొదలయ్యాక హోటల్లో కుర్చీలు ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి.

ఆ రోజు ఆక్లాండ్ నుంచి వాసోస్ అనే పెద్దమనిషి వస్తున్నాడు. మధ్యధరా వంటల్లో ఆయన మాటకి తిరుగులేదట. శీతాకాలపు తిండియాత్రలో టూరు బస్సులు ఏ హోటలు ముందు ఆగాలో చెప్పేది ఆయనే. బస్సు ఆగితే హోటలు ఆగదు. బస్సు ఆగకపోతే హోటలు ఆగిపోతుంది.

"ఆగిపోతే ఏం? హెండర్సన్‌లో మా తమ్ముడి డెయిరీ ఉందిగా," అంది నాగమణి.

"ఈ దేశంలో కిరాణా కొట్టుని డెయిరీ అన్నవాడికి దణ్ణం పెట్టాలి. పొద్దస్తమానం కౌంటర్లో నిలబడేది మనం, పాలు మాత్రం మీ తమ్ముడికి!"

"మీకు నా తమ్ముడన్నా పడదు, నా తుమ్మన్నా పడదు."

మధ్యాహ్నానికి వాసోస్ వచ్చాడు. నెరిసిన గిరజాల జుట్టు, మెడకి ఊలు మఫ్లరు, ఆలివ్ రంగు ఒళ్ళు. మనవాడైతే చామనచాయ అనేవాళ్ళం. పేరు వాసోస్ కాబట్టి ఆలివ్.

"మిస్టర్ విరో, సిసిలీలో ఏ ఊరు మీది?" అన్నాడు ఇంగ్లీషులో.

"సముద్రం పక్కన," అన్నాడు వీరభద్రం, అంత చలిలోనూ చెమట తుడుచుకుంటూ.

"మాదీ సముద్రం పక్కనే," అని వాసోస్ వెంటనే మెనూ అందుకున్నాడు. వీరభద్రం అమ్మయ్య అనుకున్నాడు.

ముందు ఆల్చిప్పల వేపుడు వెళ్ళింది. వాసోస్ మారుమాట లేకుండా తిన్నాడు. తర్వాత స్నాపర్ చేపతో పెట్టిన సిసిలీ స్ట్యూ వెళ్ళింది. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేసి, కళ్ళు మూసుకున్నాడు.

వీరభద్రం వంటింట్లోకి పరిగెత్తాడు. "అయిపోయింది మన పని. చెంచా కింద పెట్టేశాడు."

"చింతపండు ఎక్కువైందేమో?"

"పండు ఆయనకెళ్ళింది. చింత మనకి మిగిలింది."

బయటినుంచి పిలుపు వినిపించింది. "మిస్టర్ విరో! ఇందులో నిన్నటిది ఏమైనా మిగిలిందా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "పాచిది పెడతామేమోనని పరీక్ష," అని గొణిగి వీరభద్రం బయటికొచ్చాడు. "లేదు సార్! మా దగ్గర అన్నీ తాజాయే!"

"అయ్యో," అన్నాడు వాసోస్. నిజంగానే దిగులుపడ్డట్టు కనిపించాడు.

డంప్లింగ్స్ మాత్రం ఒడ్డున కూర్చుని తింటానన్నాడు. వీరభద్రం పళ్ళెం పట్టుకుని వెంట నడిచాడు. పొహుటుకావా చెట్లు నీళ్ళమీదికి వంగి ఉన్నాయి. చలికాలపు ఎండ కొండమీంచి జారి అలలమీద పడుతోంది. వాసోస్ బూట్లు విప్పి ఇసకలో కాళ్ళు పెట్టాడు.

"చిన్నప్పుడు పొద్దున్నే వలలు లాగేవాళ్ళు. మా అమ్మ బేరమాడుతుంటే నేను బుట్ట పట్టుకునేవాణ్ణి."

"నేనూ అంతే," అన్నాడు వీరభద్రం. ఆ రోజు తన గురించి అతను చెప్పిన రెండో నిజం అది. సముద్రం పక్కన అన్నది మొదటిది.

వాసోస్ ఒక్కో డంప్లింగూ సాస్‌లో ముంచి తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. సాస్ గిన్నెని వాసోస్ వేలితో తుడిచేశాడు.

"ఈ సాస్ ఏ దేశానిది?"

"ఇంటిది, సార్."

"సరైన జవాబు." లేచి ఇసక దులుపుకున్నాడు. "బస్సులు మీ దగ్గర ఆగుతాయి మిస్టర్ విరో. ఇన్నేళ్ళలో ఇంత అసలైన వంట తినలేదు. అచ్చం మా ఊళ్ళో చేసినట్టే ఉంది."

హోటల్లోకి తిరిగొచ్చి, వాసోస్ బల్లమీద మరిచిన టోపీ తీసుకుంటుంటే, వీరభద్రం వంటింట్లోకి తొంగిచూసి బొటనవేలు ఎత్తాడు. నాగమణి మొహం విప్పారింది.

"గండం గడిచిందిగా, మన పప్పుకి తాలింపు పెట్టేస్తున్నా," అంది గుసగుసగా. ఎండుమిరపకాయలు చిటపటలాడాయి.

వీరభద్రం వెళ్ళి వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు. వాసోస్ మఫ్లరు బిగించి, షేక్‌హ్యాండిచ్చి, ఒక కాలు గుమ్మం బయట పెట్టాడు.

వంటింట్లోంచి నాగమణి తుమ్మింది. ఒకే ఒక్క తుమ్ము.

పాపం ఏ పనిమీద వెళ్తున్నాడో అని వీరభద్రం మనసు చివుక్కుమంది గానీ, సిసిలీ మనిషి కనక మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

వాసోస్ కాలు వెనక్కి తీసుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు.