ఒక్క మాట ఉద్యోగం

కాకినాడ ఆసుపత్రిలో సత్యవేణి ఉద్యోగం ఒక్క మాట చెప్పడమే.

కొన్ని మాటలు రాస్తే పోస్టు తీసేస్తారని జనం ఒకప్పుడు ఫోన్లలో వాటిని మార్చి రాసేవారు. రాయగా రాయగా అవే నోటికీ అలవాటయ్యాయి. ఇప్పుడు ఊళ్లో ఎవరూ చనిపోవడం లేదు, ఆఫ్‌లైన్ అవుతున్నారు. డాక్టర్లూ అదే అంటారు. చిక్కల్లా ఒకటే, అది విన్నవాళ్ల బుర్రకి ఎక్కదు.

ఆ మధ్యాహ్నం వీరభద్రంగారికి డాక్టరు, "మీ ఆవిడ ఆఫ్‌లైన్ అయ్యారండి," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన సరేనని తలూపి క్యారేజీ మూత తీశాడు.

"మా ఆవిడికి చారన్నం తెచ్చేనమ్మా. చల్లారకుండా పెట్టేత్తే బాగుంటది," అన్నాడు సత్యవేణితో.

ఆమె ముందు గ్లాసుడు మంచినీళ్లు తాగించింది. తర్వాత పక్కన కూర్చుంది.

"పిన్నిగారు చనిపోయారు, బాబాయ్‌గారూ."

ఆయన క్యారేజీకి మెల్లగా మూత పెట్టి, అప్పుడు ఏడ్చాడు.

సాయంత్రం ఇంట్లో సత్యవేణి బెండకాయలు తరుగుతోంది. ఆరేళ్ల కూతురు లాస్య స్టీలు డబ్బా పట్టుకొచ్చింది. అమ్మమ్మ ఆఫ్‌లైన్ అయిందని రెండు నెలల కిందట సత్యవేణే దానికి చెప్పింది. ఆవిడకి ఇష్టమని అప్పటినుంచి లాస్య రోజూ తన వాటాలో ఒక జంతిక దాస్తోంది.

"నిండిపోయిందమ్మా. ఇంకో డబ్బా ఇయ్యవా?"

సత్యవేణి కత్తిపీట పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసుతో మంచినీళ్లు ముంచింది. గుమ్మందాకా వచ్చి లాస్యని చూసి, ఆ నీళ్లు తనే తాగేసి, ఇంకో డబ్బా తెచ్చి ఇచ్చింది.