పదిహేడో సీసా

మందుల పెట్టెలో సీసా లేదు.

సలోమియా అడుగుదాకా వెదికింది. కత్తెర ఉంది, దూది ఉంది, గిట్టలకు పూసే నీలం మందు ఉంది. గొర్రెల దగ్గుకు వేసే మందు లేదు. దాని చోట వేరే సీసా ఉంది, కొత్తది.

పాత సీసా నిస్టోర్ సంచిలో దొరికింది. ఉన్ని మేజోడులో చుట్టి ఉంది.

నిస్టోర్ మంద దగ్గర కూలికి చేరి పన్నెండు రోజులైంది. కర్ర పట్టుకోవడం కూడా సరిగా రాదు.

ఆమె మొగుణ్ణి పిలిచింది. ఆకీం ఆ కొండ మీద పెద్ద కాపరి. ఊరివాళ్ల గొర్రెలు ఆరువందలు వేసవంతా అతని చేతికిందే.

"దొంగతనమా?" అన్నాడు ఆకీం.

"దొంగతనమే అన్నా," అన్నాడు నిస్టోర్. "బదులు పెట్టాను కదా. అదీ దగ్గు మందే. తగ్గడానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే."

ఆకీం కొత్త సీసాను వెలుతురుకెత్తి చూశాడు. "నీళ్లు నింపావా? వాగువా, వానవా?"

"నా మాట విను. నీ పాత మందు గొర్రెకు ఊపిరితిత్తుల్లో పనిచేస్తుంది. మనిషి ఒంట్లోకి పోతే గుండెను పడుతుంది. విరుగుడు లేదు."

"నేనేమైనా తాగుతున్నానా దాన్ని?"

"తాగవు. గొర్రెను తొడల మధ్య ఇరికించి ఒక్కడివే సూది వేస్తావు. అది తన్నుకుందంటే సూది నీ తొడలో ఉంటుంది."

"మా నాన్న అలాగే వేశాడు, నలభై ఏళ్లుగా నేనూ అలాగే వేస్తున్నా. గొర్రెకు ఇద్దరేసి పట్టుకోవడానికి ఇదేమన్నా పెళ్లా?"

ఆకీం తమ్ముడు పంఫిల్ అందుకున్నాడు. "పెళ్లికూతురికి దగ్గొస్తోంది వదినా, ఫిడేలువాళ్లను పిలవమంటావా?"

అందరూ నవ్వారు. సలోమియా కూడా నవ్వింది.

ఆకీం కొత్త సీసాను రాతికేసి కొట్టాడు. నిస్టోర్ చెంప మీద ఒకటి వేసి, పొమ్మన్నాడు.

నిస్టోర్ సంచి తీసుకున్నాడు. సలోమియా ముందు ఆగాడు.

"ఆ సీసా నువ్వు పారబోసెయ్యమ్మా. నన్నేమన్నా తిట్టుకో. పారబోసెయ్."

పక్క కొండ కాపరి గవ్రిలకు ఒక గొర్రెపిల్లనిచ్చి తెచ్చుకున్న సీసా అది. పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసింది. మేజోడు కూడా ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇంకో నాలుగు రోజుల్లో మందను కొండ మీంచి దింపాలి. ఆ రోజు ఊరివాళ్లు దొడ్డి దగ్గర నిలబడి ఎవరి గొర్రెలను వాళ్లు చూసుకుంటారు. చచ్చినదానికి పెద్ద కాపరి దాని చెవి కోసి తెచ్చి, దాని మీది యజమాని గుర్తు చూపించాలి. తోడేలు పట్టినవాటికి తప్ప ఆకీం ఇరవై ఆరేళ్లలో చెవి చూపించలేదు. ఇప్పుడు పదకొండు దగ్గుతున్నాయి.

వాన తెరిపిచ్చిన ఉదయం అతను సూదులు మొదలుపెట్టాడు. సలోమియా ఒక్కో గొర్రెనే తోలుతోంది.

"పంఫిల్‌ను పిలవనా?"

"ఆ దొంగ నీకు బాగానే నూరిపోశాడే."

ఏడో గొర్రె విదిలించుకుంది.

"గుచ్చుకుందా?"

"గీసుకుంది."

సిరంజి సగం ఖాళీ అయింది. గొర్రె ఒంటి మీద సూది గుచ్చిన చోటు లేదు, తడీ లేదు. సలోమియా ఉన్ని విడదీసి మళ్లీ చూసింది.

"ఆసుపత్రికి పోదాం పద."

"ఇంకో నాలుగున్నాయి."

ఆ నాలుగింటికీ వేశాడు. రేగుపళ్ల సారా ఒక గుక్క తాగాడు. బెంచీ మీద కూర్చుని, ఛాతీ బిగుస్తోందన్నాడు. పంఫిల్ అంబులెన్సుకు ఫోను చేసి, గుర్రబ్బండి కట్టాడు. ఈసారి అతను ఏ జోకూ వేయలేదు.

అంబులెన్సు తారు రోడ్డు దగ్గర ఎదురొచ్చింది. లోపలి డాక్టరు సీసా మీది చీటీ చదివాడు.

"ఎంత పోయింది?"

"సగం సిరంజి."

"దీనికి విరుగుడు లేదమ్మా."

"తెలుసు," అంది సలోమియా.

ఆకీం ఆ రోడ్డు మీదే పోయాడు. మందను పంఫిల్ దింపాడు. గొర్రెలు అన్నీ ఉన్నాయి. చెవి చూపించాల్సిన పని పడలేదు.

తొమ్మిదో రోజు, చనిపోయినవాళ్ల పేరు మీద రొట్టె పంచే రోజు. సలోమియా ఒక రొట్టె, కొవ్వొత్తి మూటకట్టుకుని, సీసాను ఆ మేజోడులోనే చుట్టి లోయలోకి దిగింది. కూలికి చేరేటప్పుడు నిస్టోర్ తన ఊరి పేరు చెప్పాడు. మొదటి ఇంట్లో అడిగితే వేలితో ఇల్లు చూపించారు.

అతని భార్య తలుపు తీసింది.

"ఆయన లేరమ్మా. ఆఖరి సీసా తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి తిరిగి ఇప్పించమని గవ్రిలను బతిమాలడానికి కొండెక్కారు."

సలోమియా మేజోడు విప్పింది. నిస్టోర్ భార్య సీసాను చూసింది, తర్వాత సలోమియా తలమీది నల్లగుడ్డను చూసింది. కూర్చోమని కుర్చీ లాగింది.

కిటికీ గట్టు మీద అవే సీసాలు వరసగా ఉన్నాయి. పదహారు.

"నిరుడు చలికి ముందు పదిహేడు మందలకు ఒక్కోటి ఇచ్చారు," అంది ఆమె. "సూది డాక్టరే వెయ్యాలి, కాపరి చేతికి ఇవ్వకూడదు. మంచు పడితే అన్ని కొండలూ ఎక్కలేమని ఇచ్చేశారు. ఫిబ్రవరిలో ఒక కాపరి పోయాడు. అప్పట్నుంచీ ఆయనకు ఇదే పని. ముందు అడిగేవారు. అడిగితే అయిపోయిందని కాపర్లు దాచేసేవాళ్లు. అందుకని కూలికి చేరడం మొదలుపెట్టారు."

"ఆయన్ను ఎన్ని చోట్ల కొట్టారు?" అంది సలోమియా.

"మీ దగ్గరా కొట్టారా?"

సలోమియా పదిహేడో సీసాను వరస చివర పెట్టింది. చీటీ కిందివైపు, సూదిమందు తీసేటప్పుడు ఆకీం బొటనవేలు ఎప్పుడూ ఆనే చోట, సగం చెరిగిన సిరాతో రాసి ఉంది: ఇచ్చినవారు, పశువుల డాక్టరు నిస్టోర్.