బిగబట్టిన ఊపిరి

"ఊపిరి పీల్చండి కూర్మయ్య గారూ... బిగబట్టండి... ఇప్పుడు మెల్లగా వదలండి," అంది కౌన్సెలర్ ఆమని.

కూర్మయ్య వదల్లేదు. మెడ నరాలు ఉబ్బాయి. ఆమె రెండోసారి గట్టిగా చెప్పాక వదిలాడు.

"పోయినవారం ఇందులో సగం కూడా ఉండలేకపోయారు. బాగా సాధన చేస్తున్నారే!"

పక్కన కూర్చున్న భార్య దానమ్మ ముఖం విప్పారింది. "బోటు బోల్తాపడి మా మరిది పోయినకాడినుంచి ఈయనకి నిద్దరే నేదమ్మా. సిక్కోలొచ్చి మీకాడ ఈ ఊపిరి పని నేర్సినాక తేరుకున్నాడు. తెల్లారితే ఒడ్డుకెల్లిపోతన్నాడు."

"మంచిది. సముద్రపు గాలికి కూర్చుంటే మనసు కుదుటపడుతుంది."

"కూకుని కాదమ్మా," అన్నాడు కూర్మయ్య, "మునిగి సేస్తన్నాను."

ఆమని ఉలిక్కిపడింది. "నీళ్లలో మునిగా? ఎందుకు?"

"ఆ దినం నాను ఈదుకుని ఒడ్డుకొచ్చీసినాను. తమ్ముడు బోటు కింద వలలో సిక్కడిపోనాడు. ఆడు నాకోసం ఎంతసేపు ఎదురుసూసాడో తెలియాల గదా."

దానమ్మ అతని చెయ్యి గబుక్కున పట్టుకుంది.

కూర్మయ్య అది గమనించనే లేదు. పాఠం అడిగే పిల్లాడిలా ముందుకు వంగాడు.

"ఇంకా అంతసేపు ఉండనేకపోతన్నాను. మరికాస్త బిగబట్టడం నేర్పమ్మా."