కలివికోడి పిల్ల

వన్యప్రాణి సంరక్షణలో ఎమ్మెస్సీ పట్టా కావాలంటే, అంతరించిపోతున్న జాతి పిల్లనొకదాన్ని ఇంట్లో పెంచి అడవికి అప్పగించాలి. సిద్ధవటంలో హేమావతికి కలివికోడి పిల్ల వచ్చింది. అది మనిషికి మాలిమి కాకూడదని తల్లీకూతుళ్లు ఐదు నెలలు ఇంట్లో సైగలతోనే గడిపారు.

లంకమల అడవిలో పరీక్షాధికారి ముందు పిట్టను వదిలారు. అది మనిషికి బెదురుతుందో లేదో చూపడానికి హేమావతి గట్టిగా అరిచింది. పిట్ట బెదిరి పొదలోకి దూరింది. అధికారి మెచ్చుకోలుగా తల ఊపాడు.

“భద్రం నాయనా!” అంది తల్లి ఓబులమ్మ, ఉండబట్టలేక.

పిట్ట పరుగెత్తుకొచ్చి ఆమె పాదాల దగ్గర నిలబడింది.

“దీంతో మాట్లాడినావామా?” అంది హేమావతి.

“నువ్వు కాలేజీకి పోతే ఇంట్లో నాకింకెవురుండారు మే?”

అధికారి ఫెయిలని రాసి, పిట్టను ఇక బోనులోనే ఉంచమన్నాడు.

బస్సులో బోను ఒళ్లో పెట్టుకుని హేమావతి తల్లి పక్కన కూర్చుంది. “దానికేం చెప్పేదానివి?” అని అడిగింది.

ఓబులమ్మ మొదలుపెట్టింది. సిద్ధవటం వచ్చినా ఆపలేదు.